మెట్రాయిడ్ 2: గేమ్ బాయ్‌లోని పాతది ఆడాలా, 2017 రీమేక్ చాలా?

మీ ప్రశ్న ఇది: మెట్రాయిడ్ వీడియో ఆటలు వరుసగా ఆడాలనుకుంటున్నారు. రెండో భాగానికి రంగుల్లేవు, మ్యాప్ లేదు కాబట్టి దాన్ని వదిలేసి అదే ఆటను 2017లో కొత్తగా మళ్లీ చేసిన రీమేక్ ఆడితే సరిపోతుందా అని.

సరిపోదు. ఇంత గట్టిగా చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. 1994 వేసవి సెలవుల్లో, రాజమండ్రిలో, తాతయ్య గోడ గడియారంలోంచి పెన్సిల్ సెల్లు దొంగిలించి మరీ ఈ ఆట పూర్తి చేశాను.

ఆ ఏడాది అమెరికా నుంచి పెదనాన్నగారి కుటుంబం వచ్చింది. అన్నయ్య తనతో ఒక గేమ్ బాయ్, అంటే చేత్తో పట్టుకుని ఆడే నింటెండో ఆట యంత్రం, దానికి మూడు ఆటల క్యాసెట్లు తెచ్చాడు. వీధిలో క్రికెట్ ఆడే పిల్లలు దొరికేసరికి నాలుగో రోజుకే వాటిని మరిచిపోయాడు. నాకు అప్పగిస్తూ, "రెండు బాగుంటాయి, ఈ మూడోది మాత్రం చెత్త, ఎటు వెళ్లాలో తెలియదు" అన్నాడు. ఆ చెత్తే మెట్రాయిడ్ 2: రిటర్న్ ఆఫ్ సామస్. అమెరికాలో 1991 నవంబరులో విడుదలైంది.

ఎటు వెళ్లాలో తెలియదన్న మాట నిజమే. మనం ఆడించే నాయిక సామస్ ఎస్‌ఆర్ 388 అనే గ్రహం మీద దిగుతుంది. అక్కడున్న మెట్రాయిడ్లనే జీవుల్ని ఒక్కటి కూడా మిగల్చకుండా చంపడం ఆమె పని. తెర మూలన 39 అని ఒక అంకె ఉంటుంది. ఒక్కోటి చచ్చేకొద్దీ అది తగ్గుతుంది. కథంతా ఆ అంకెలోనే ఉంది. ఒక ప్రాంతంలో ఉన్నవన్నీ చస్తే భూమి కంపిస్తుంది, ఎక్కడో దారికి అడ్డంగా ఉన్న ఆమ్లం మడుగు కిందికి దిగుతుంది. ఎక్కడ అన్నది ఎవరూ చెప్పరు. వేసవిలో గోదావరి తగ్గి ఇసుక తిన్నెలు బయటపడినట్టు, నిన్నటి దాకా లేని దారి ఇవాళ ఉంటుంది. ఆ మడుగు ఎక్కడ చూశామో గుర్తుంచుకోవలసింది మనమే.

నేను చెల్లెలి రఫ్ నోటులో మ్యాప్ గీశాను. మొదటి మడుగుకు కోటిలింగాల రేవు అని, తర్వాతి దానికి పుష్కరాల రేవు అని పేర్లు పెట్టుకున్నాం. రీమేక్‌లో మ్యాప్ ఇచ్చారు, చుట్టుపక్కల దాగి ఉన్న ఇటుకల్ని చూపించే శక్తి కూడా ఇచ్చారు. అడగకముందే దారి చెప్పే బంధువు లాంటి ఆట అది. ఆ బంధువుతో తిరిగినవాడికి ఊరు ఎప్పటికీ తెలియదు.

రంగుల్లేవన్న ఫిర్యాదుకు కూడా ఒక మాట. గేమ్ బాయ్ తెర 160 అడ్డం, 144 నిలువు చుక్కలు, నాలుగే ఛాయలు. మొదటి ఆటలో వేరియా సూట్ అనే రక్షణ దుస్తులు వేసుకుంటే సామస్ రంగు మారేది. ఇక్కడ అది కుదరదు కాబట్టి, తేడా తెలిసేలా ఆమె భుజాలకు పెద్ద గుండ్రటి కవచాలు గీశారు. ఆ భుజాలే తర్వాత ఆమె ఆనవాలైపోయాయి. రంగులున్న ఆటల్లోనూ వాటిని తీసేయలేదు. ఇక ఆ చిన్న తెర మీద సామస్‌ను పెద్దగా గీయడం వల్ల ముందు నాలుగడుగులు తప్ప ఏమీ కనబడదు. గుహ అంటే అలాగే ఉండాలి. అన్నీ కనబడితే అది గుహ కాదు, ఫంక్షన్ హాలు.

ఇప్పుడు ముగింపు చెప్పేస్తున్నాను. 1991 నాటి ఆటకు దాపరికమెందుకు?

రోజూ రాత్రి కరెంటు పోయేది. గేమ్ బాయ్ తెరకు సొంత వెలుగు ఉండదు. అందుకని డాబా మీద నేను ఆడుతుంటే, ఏడేళ్ల మా చెల్లెలు టార్చి పట్టుకునేది. నేరుగా పట్టుకుంటే అద్దం మీద మెరుపు తప్ప ఏమీ కనబడదు. నా చెవి పక్కనుంచి ఏటవాలుగా పట్టడం దానికి బాగా అలవాటైంది. టార్చిలోవి లావు సెల్లు, అవి ఆటకు పట్టవు. ఆటకు నాలుగు పెన్సిల్ సెల్లు కావాలి. రెండు అన్నయ్య వాక్‌మన్‌లోవి, ఒకటి కొట్లో కొన్నది, నాలుగోది గడియారంలోది.

అంకె ఒకటికి వచ్చింది, పని అయిపోయిందని చెల్లెలు టార్చి ఊపింది. కొంచెం ముందుకు వెళ్లానో లేదో, ఒకటి కాస్తా తొమ్మిదైంది. ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. కొత్తగా వచ్చిన ఆ ఎనిమిదింటినీ చల్లటి కిరణంతో గడ్డకట్టించి మిసైళ్లతో చంపి, చివరిదైన రాణి మెట్రాయిడ్ దగ్గరికి చేరాను. బంతిలా ముడుచుకుని దాని నోట్లోకి దూరి, కడుపులో బాంబులు పెట్టవచ్చన్న ఉపాయం నాకు అప్పట్లో తెలియదు. ఉన్న మిసైళ్లన్నీ దాని మూతికే సమర్పించాను.

అది చచ్చాక ముందు ఒక గుడ్డు. గుడ్డు పగిలి పిల్ల మెట్రాయిడ్ బయటికొచ్చింది. మిసైల్ నొక్కబోతున్నాను. టార్చి ఆరిపోయింది.

"కొట్టకు అన్నయ్యా."

"లైటు వెయ్యి."

"కొట్టనని చెప్పు, వేస్తాను."

కొట్టనన్నాను. వెలుగు వచ్చేసరికి ఆ పిల్ల సామస్ చుట్టూ తిరుగుతోంది, కోడి వెంట పడే పిల్లలాగా. పైకి వెళ్లే దారిలో అడ్డం ఉన్న రాళ్లను అదే తిని దారి చేసింది. శత్రువు అన్నది ఒక్కటి కూడా రాలేదు. ప్రతి మలుపులో ఏదో మీద పడుతుందని నా వేళ్లు బిగుసుకునే ఉన్నాయి. ఏదీ పడలేదు. గేమ్ బాయ్ మీది ఎర్ర దీపం మసకబారుతోంది, తెర పాలిపోతోంది, చెల్లెలు ఊపిరి బిగబట్టి టార్చి పట్టుకుంది. సామస్ వచ్చిన అంతరిక్ష ఓడ దాకా ఆ నిశ్శబ్దంలోనే నడిచాం. నలభై పైచిలుకు ప్రాణాలు తీసిన మనిషి, ఒక పసిదాన్ని వెంటబెట్టుకుని నడవడం. ఒక్క మాట కూడా లేకుండా అంత చెప్పిన ఆట మరొకటి లేదు. ఉందని ఎవరైనా అంటే వాళ్లు ఇది ఆడలేదన్నమాట.

రీమేక్‌లో ఏం చేశారో తెలుసా? ఆ నడకలో మళ్లీ శత్రువుల్ని పెట్టారు. అది చాలదన్నట్టు ఓడ దగ్గర రిడ్లీ అనే రెక్కల రాకాసిని దింపి, మరో పెద్ద యుద్ధం పెట్టారు. పెళ్లి అయిపోయి అమ్మాయిని అత్తవారింటికి సాగనంపుతుంటే బ్యాండు మేళం వాళ్లు డిస్కో వాయించినట్టుంది. తయారు చేసిన స్పెయిన్ సంస్థ మెర్క్యురీస్టీమ్ పనితనం తక్కువదని అనను. ఎదురుదెబ్బ కొట్టే పద్ధతి బాగుంది, బొమ్మలు బాగున్నాయి. కాని ఆ మౌనాన్ని భరించే ధైర్యం వాళ్లకు లేకపోయింది. 2016లో ఒక అభిమాని ఏళ్ల తరబడి కష్టపడి ఉచితంగా చేసిన రీమేక్‌ను నింటెండో కొద్ది రోజుల్లోనే తీయించేసింది. అదీ నా కడుపుమంటల్లో ఒకటి.

ఎలా ఆడాలంటే, 2023 నుంచి స్విచ్ అనే నింటెండో ఆట యంత్రంలో చందాదారులకు పాత ఆట దొరుకుతోంది. పాత క్యాసెట్ కొనాలన్న సరదా మాత్రం పెట్టుకోకండి. కొన్నేళ్ల కిందట నేను ఆన్‌లైన్‌లో కొన్నాను, "పరీక్షించినది" అని రాసి ఉంది. ఆట నడుస్తుంది, కాని మనం ఎక్కడిదాకా వచ్చామో దాచే లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. దాన్ని మార్చాలంటే టంకం పెట్టాలి. అమ్మినవాడు డబ్బు తిరిగి ఇవ్వలేదు. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకోండి, యూట్యూబ్ మాత్రం తెరవకండి.

గడియారం సంగతి చెప్పలేదు కదా. ఆ రాత్రే సెల్లు మళ్లీ దాన్లో పెట్టేశాను. గేమ్ బాయ్‌కు పనికిరాని సెల్లు గడియారాన్ని ఇంకొన్నాళ్లు నడుపుతుంది. అయిదో రోజున ఆగింది. తాతయ్య కొట్టుకు వెళ్లి, నకిలీ సెల్లు అంటగట్టావని దెబ్బలాడి, కొత్తది ఊరికే తెచ్చుకున్నారు. చెల్లెలు నా వైపు చూసింది. ఇద్దరం నోరు మెదపలేదు.