రీడ్‌మీలో పేరు చేరిస్తే కాంట్రిబ్యూషన్ అయిపోద్దా?

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ థర్డ్ ఇయర్. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుందామని, దానికోసం చిన్న చిన్న ఎక్సర్‌సైజులిచ్చే రస్ట్‌లింగ్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు (కోడ్ ఎవరైనా చూసి మార్పులు పంపొచ్చు) మొదలుపెట్టా, మూవ్ సెమాంటిక్స్ దగ్గర, అంటే ఒక విలువ ఒక వేరియబుల్ నుంచి ఇంకోదానికి చేతులు మారే దగ్గర, బండి ఆగిపోయింది, మా సీనియర్ చెప్పాక గానీ బుర్రకెక్కలేదు. ఇప్పుడు ఆ ప్రాజెక్టుకి నేనూ ఏదైనా చేద్దామనుంది. మా క్లాసోళ్ళేమో ఏదో ఒక రెపో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) రీడ్‌మీలో, అంటే దాని పరిచయం ఫైల్లో, నీ పేరు చేర్చి, ఈ మార్పు కలుపుకోండని పుల్ రిక్వెస్ట్ కొట్టెయ్, రెజ్యూమేలో రాసుకోవచ్చు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక చెల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ రీడ్‌మీ పని మాత్రం చేయకు చెల్లీ. 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో (అక్టోబర్‌లో ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపించే కార్యక్రమం) టీషర్ట్ కోసం ఇలాంటివి కుప్పలు తెప్పలుగా వచ్చిపడితే, మొదలైన కొద్దిరోజులకే రూల్ మార్చి, మేం పాల్గొంటాం అని చెప్పిన ప్రాజెక్టులకి పంపినవే లెక్కలోకొస్తాయన్నారు. మళ్ళీ 2024లో ఎక్స్‌ప్రెస్ జేఎస్ అనే వెబ్ ప్రాజెక్టుకి అదే గతి, ఏదో వీడియో పాఠం చూసి పిల్లలంతా రీడ్‌మీలో పేర్లు చేర్చి పంపడమే, పాపం ప్రాజెక్టు చూసుకునే మెయింటైనర్లు కూర్చుని వాటిని మూసుకోవాల్సొచ్చింది.

నీ దగ్గర అంతకంటే మంచి సరుకుంది. రస్ట్ ఏళ్ళ తరబడి రాసినోళ్ళకి కొత్తోళ్ళు ఎక్కడ తడబడతారో గుర్తుండదు, నీకింకా గుర్తుంది, అది మర్చిపోకముందే కాగితం మీద పెట్టు: నువ్వేమనుకున్నావు, కంపైలర్ ఏ ఎర్రర్ ఇచ్చింది, మీ సీనియర్ చెప్పిన ఏ ముక్కతో లైట్ వెలిగింది. తర్వాత ఆ ఎక్సర్‌సైజులో హెచ్ నొక్కి హింట్ మళ్ళీ చదువు. సగం సార్లు ఆ ముక్క అక్కడే ఉంటుంది, మనమే కంగారులో చదవం. నిజంగా లేకపోతే అదే నీ కాంట్రిబ్యూషన్. రస్ట్‌లింగ్స్ హింట్లన్నీ ఇన్ఫో డాట్ టామ్ల్ అనే ఒక్క ఫైల్లో ఉంటాయి కాబట్టి మార్చాల్సింది రెండు మూడు లైన్లే. కానీ జవాబు మొత్తం చెప్పేయకు. హింట్ అంటే శంకర్ విలాస్ దగ్గర ఎడమకి తిరగమని చెప్పడం వరకే, చెయ్యి పట్టుకుని ఇంట్లో దింపి రావడం కాదు.

పంపేముందు పాత ఇష్యూలు (తప్పులూ సలహాలూ చర్చించే పోస్టులు) వెతుకు, మూసేసినవి కూడా, ఇదే మాట ఇంతకుముందు ఎవరో అడిగి ఉండొచ్చు, వద్దని కారణం చెప్పి కూడా ఉండొచ్చు. మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైల్ చదువు: తప్పు సరిచేయడమైతే నేరుగా పుల్ రిక్వెస్ట్ పెట్టొచ్చు, కొత్త ఫీచర్ అయితే ముందు ఇష్యూ తెరిచి మాట్లాడుకోవాలి. ఎక్సర్‌సైజు కోడ్‌నే ముట్టుకుంటే పని పెరుగుతుంది, సొల్యూషన్స్ ఫోల్డర్లో దాని జవాబు కూడా మార్చాలి, పైగా ఇంకా నేర్పని టాపిక్ అందులోకి దూరకుండా చూసుకోవాలి. చాలామంది దొరికిపోయేది ఇక్కడే, మనకి తెలిసిపోయింది కదా అని మొదటి పాఠాల్లోకి తర్వాతొచ్చే పాఠం తెచ్చి పెట్టేస్తారు. ఒక రిక్వెస్ట్‌లో ఒకటే విషయం. ప్రాజెక్టు ఒప్పుకుంటే ఏఐతో రాయించుకున్నా పర్లేదు గానీ రివ్యూలో "ఇదెందుకు మార్చావ్" అంటే నువ్వు చెప్పగలగాలి, చెప్పలేనిది పంపొద్దు. జవాబు వారాల తరబడి రాకపోవచ్చు, ఒకసారి మర్యాదగా గుర్తుచేసి ఊరుకో.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి రాత్రంతా మేలుకుని ఎవరో విదేశాల వాళ్ళ ప్రాజెక్టుకి పైసా లేకుండా కోడ్ రాస్తున్నాడు. రేపు వాళ్ళు దాన్ని అమ్ముకుంటే మావాడికేంటి?
- ఒక తండ్రి, పటమట, విజయవాడ

జవాబు: నమస్తే అండీ. అమ్ముకోవచ్చండీ, నిజమే. రస్ట్‌లింగ్స్ లాంటి వాటికి ఎంఐటీ లైసెన్స్ ఉంటుంది, కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మీ అబ్బాయితో సహా. వాడికి మిగిలేది ఏంటంటే, పెద్ద ప్రోగ్రామర్లు వాడి కోడ్‌ని లైను లైను చదివి తప్పులు చెప్తారు, ఆ చర్చంతా ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కూడా చూడగలిగేలా బయటే ఉంటుంది. దాంతోనే ఉద్యోగం వచ్చేస్తుందని మాత్రం నేను చెప్పను. డబ్బే కావాలంటే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అని 2005 నుంచి నడుస్తోంది, ఎంపికైతే స్టైపెండ్ ఇస్తారు, 2022 నుంచి స్టూడెంట్ కాకపోయినా 18 ఏళ్ళు నిండితే అప్లై చేసుకోవచ్చు, పోటీ గట్టిదే. ఇక రాత్రి మేలుకోవడం దేనికో నాకర్థం కాలేదండీ, ఇది ఫోన్ మాట్లాడే పని కాదు కదా, పగలు పంపితే వాళ్ళ పగలు వాళ్ళు చూసుకుంటారు. నిద్రపొమ్మనండి.

ప్రశ్న: ఈ రస్ట్‌లింగ్స్ ఎక్సర్‌సైజులు తెలుగులో పెట్టొచ్చా మేడం?
- డిప్లొమా విద్యార్థి, కానూరు

జవాబు: పెట్టొచ్చు, కానీ అసలు రెపోలో కాదు తమ్ముడూ. ఇంగ్లీషులో మారిన ప్రతిసారీ తెలుగులోనూ ఎవరు మారుస్తారు? రస్ట్‌లింగ్స్‌లోనే మన సొంత ఎక్సర్‌సైజుల సెట్ తయారుచేసుకునే ఏర్పాటుంది, దాంతో వేరే రెపో పెట్టుకో. 2021లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి రస్ట్‌లో వేరియబుల్ పేర్లు తెలుగు అక్షరాల్లోనూ రాయొచ్చు, "ధర", "బస్తాలు" అని పెట్టి మిర్చి యార్డు లెక్కలే ఎక్సర్‌సైజులుగా ఇవ్వొచ్చు. కీవర్డ్లూ కంపైలర్ ఎర్రర్లూ ఇంగ్లీషులోనే వస్తాయి, కాబట్టి నీ శ్రమంతా ఆ ఎర్రర్లని తెలుగులో విడమర్చి చెప్పడం మీద పెట్టు. ముందు ఐదారు చేసి మీ క్లాసులో ఇచ్చి చూడు.