పాత నీటి మరల్లో దయ్యాలున్నాయన్న కథలకు ఆధారం ఉందా?

పాడుబడిన నీటి మరలో, అంటే నీటి బలంతో గింజలు విసిరే పిండిమరలో, రాత్రివేళ గంట మోగుతుందనీ, చక్రం దానంతటదే తిరుగుతుందనీ చెప్పే కథల్లో నిజమెంత అని అడిగారు. అలాంటి మరను బాగుచేసిన బృందంలో కొంతకాలం పనిచేశాను కనుక, ఆ శబ్దాలు కట్టుకథలు కావని మాత్రం చెప్పగలను.

ముందు గంట సంగతి. గింజలు పోసే తొట్టిలో ఒక తోలుపట్టీ ఉంటుంది. గింజల బరువుకు అది బిగువుగా ఉన్నంతసేపు దానికి కట్టిన గంట పైనే వేలాడుతుంది. తొట్టి ఖాళీ కావస్తే పట్టీ వదులై, గంట కిందికి జారి, తిరుగుతున్న ఇరుసుకు తగిలి గణగణమంటుంది. గింజ లేకుండా తిరిగితే తిరగలి రాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని నిప్పురవ్వలు లేస్తాయి. పిండి ధూళి నిండిన గదిలో నిప్పు పుడితే ఏమవుతుందో 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో తెలిసింది: నీటి బలంతో నడిచే వాష్‌బర్న్ ‘ఎ’ మిల్లు పేలిపోయి, ఆ ప్రమాదంలో 18 మంది మరణించారు. కాబట్టి కునుకు పట్టిన మరవాడిని లేపడానికే ఆ గంట. చీకట్లో దారినపోయేవారికి అది మరోలా వినిపించి ఉంటుంది.

ఇక చక్రం. మేము పనిచేసిన చోట తూము తలుపు దించినా సందుల్లోంచి నీరు కారుతూనే ఉండేది. ఆ నీరు చక్రం పైఅరల్లో నిండి బరువెక్కగానే, అంతవరకు కదలని ఆ కొయ్య చక్రం మూలిగినట్టు కిర్రుమని పావు చుట్టు తిరిగి ఆగిపోయేది. కారణం తెలిసీ, మునిమాపు వేళ ఒంటరిగా ఉంటే ఒళ్లు జలదరించేది!

పైగా మర పని పగటికే పరిమితం కాదు. వాగులో నీరు తక్కువైతే మరకు నీరందించే చెరువు నిండేదాకా ఆగాలి, అది రాత్రి నిండితే రాత్రే విసరాలి. సముద్రపు పోటుతో నడిచే మరల్లోనైతే పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కనుక కొన్నాళ్లు అర్ధరాత్రి దీపం పెట్టక తప్పదు. నిలువెల్లా పిండి పూసుకున్న మనిషి ఆ దీపం ముందు నిలబడితే ఎలా కనిపిస్తాడో ఊహించుకోండి.

అయితే అన్ని కథలనూ యంత్రం ఖాతాలో వేయలేము. చెక్ జానపద కథల్లోని వోద్నిక్ అనే నీటి దయ్యం మర చెరువులో కాపురముంటూ, మునిగిపోయినవారి ఆత్మలను మూతపెట్టిన పాత్రల్లో దాచుకుంటాడు. పిల్లలను లోతు నీటికి దూరంగా ఉంచడానికే ఇలాంటి కథలు పుట్టి ఉంటాయని నా అభిప్రాయం. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు ప్రాంతపు కథల్లో మరలో ఉండే కిల్‌మౌలిస్ అనే దయ్యానికి నోరుండదు, పెద్ద ముక్కు మాత్రం ఉంటుంది. మరవాడి ఇంటికి కీడు రాబోతే అది ముందుగానే ఏడుస్తుందట.

మీరు చూడదలచిన మరలో కూడా ముందు తూము తలుపును, తొట్టి దగ్గరి పట్టీని పరిశీలించండి. లోపలికి పగటిపూట, తోడుతో మాత్రమే వెళ్లండి; చక్రం వైపు నేలచెక్కలు తేమకు పుచ్చిపోయి ఉండవచ్చు.