కళింగపట్నంలో ఒక్కరోజు ఆగితే

విశాఖ నుంచి తెరచాప పడవలో గోపాల్‌పూర్ వెళ్తూ కళింగపట్నంలో ఒక్కరోజు దిగితే ఏం చూడాలని అడిగారు కదండీ. శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని సాయంత్రానికి ఉంచుకోండి, అది తీరానికి దగ్గరే. పొద్దున్నే ఆటో మాట్లాడుకుని ముందు అరసవల్లి సూర్యదేవాలయం, తర్వాత శ్రీకూర్మం గుడి చూసేయండి. మధ్యాహ్నం గుడి తలుపులు వేసేస్తారు. శ్రీకూర్మంలో కూర్మనాథుడు పడమర ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. అక్కడి స్తంభాల మీది శాసనాలను హడావుడిగా దాటేయకండి. ఎండ తగ్గాక శాలిహుండం కొండెక్కండి. ఇటుక స్తూపాలు, కింద వంశధార నది! నాకైతే రోజంతటికీ ఇదే అసలు చోటు.

ఒక్క మాట. వంశధార మొగ దగ్గర ఇసుక మేటలుంటాయి. అక్కడి జాలర్లను అడక్కుండా పడవను లోపలికి తేకండి. పడవలో ఒకరు కాపలా ఉండాల్సిందే. మిగతావాళ్లు చీకటి పడకముందే తిరిగి ఎక్కేయండి.