పీడీఎఫ్‌ను ఫోటోషాప్‌లో తెరిస్తే అక్షరాలు ఎందుకు మసకబారతాయి?

మీ చెల్లె పెండ్లి పత్రిక కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేయించారు. పీడీఎఫ్‌లో అక్షరాలు నీట్‌గా ఉన్నాయి. దాన్నే ఫోటోషాప్‌లో తెరిచి ఫోటో పెట్టేసరికి పేర్లన్నీ మసకబారాయి, ఎందుకని అడిగారు. నేను హన్మకొండలో పద్నాలుగేళ్లుగా డీటీపీ పని, అంటే అచ్చుకు పోయే పేజీలు కంప్యూటర్‌లో తయారుచేసే పని చేస్తున్నాను. ఇదే తప్పు ఒకప్పుడు నేనూ చేశాను, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

కోరల్‌లో చేసిన పీడీఎఫ్‌లో అక్షరం చుక్కల బొమ్మగా ఉండదు. ఇక్కడ మొదలు, ఇటు వంపు, అక్కడ ముగింపు అని గీతల లెక్కగా ఉంటుంది. ఎంత జూమ్ చేసినా కంప్యూటర్ ఆ లెక్క చూసి మళ్లీ కొత్తగా గీస్తుంది కాబట్టి అంచు చెదరదు. ఫోటోషాప్ ఫోటోల కోసం పుట్టింది. పీడీఎఫ్‌ను నేరుగా తెరిస్తే ఆ గీతలన్నిటినీ అప్పుడే పిక్సెళ్లుగా, అంటే చిన్న చిన్న చుక్కలుగా మార్చేస్తుంది. ఎన్ని పిక్సెళ్లన్నది తెరిచేటప్పుడు వచ్చే బాక్సులో రెజల్యూషన్ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు) దగ్గరున్న అంకెను బట్టి ఉంటుంది. చాలామంది ఆ అంకె చూడకుండానే ఓకే కొడతారు.

ఏ4 పేజీ 72 దగ్గర తెరిస్తే 595 × 842 పిక్సెళ్లు, 300 దగ్గర 2480 × 3508. పత్రికలో బంధువుల పేర్లు 9 పాయింట్ల సైజులో ఉన్నాయనుకోండి, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. 72 దగ్గర దానికి దక్కేది తొమ్మిది పిక్సెళ్ల ఎత్తు. ఇంగ్లిష్ అక్షరం ఆ తొమ్మిదిలో ఎట్లాగో గట్టెక్కుతుంది. మనకు తలకట్టు, గుడి, అక్షరం, కింద ఒత్తు అన్నీ అందులోనే ఇమడాలి. ‘ద’కు, ‘ధ’కు తేడా అడుగున ఉన్న చిన్న గీతే కదా, దానికి ఒక్క పిక్సెల్ కూడా మిగలదు. గీత పిక్సెల్‌లో సగమే పడితే ఫోటోషాప్ అక్కడ బూడిద రంగు వేస్తుంది. మీకు కనిపిస్తున్న మసక అదే. తర్వాత ఇమేజ్ సైజులోకి వెళ్లి 72ను 300 చేసినా లాభం లేదు, ఉన్న మసకే పెద్దదవుతుంది.

పరకాల వైపు వాళ్ల పెండ్లి పత్రిక ఒకటి ఇట్లాగే పాడు చేశాను. వెనక కాకతీయ తోరణం ఫోటో లేతగా కావాలన్నారు. ఫోటోషాప్‌లో పెట్టి, జేపెగ్ చేసి ప్రెస్‌కు ఇచ్చాను. ఆరు వందల కార్డులు అచ్చయ్యాక పెండ్లికూతురు తాత వచ్చి, ‘సుధ’ అన్న పేరు మీద వేలు పెట్టి, "ఇది మా బిడ్డ పేరేనా బిడ్డా?" అన్నాడు. ‘ధ’ అడుగు గీత పూడిపోయి ‘ద’ అయింది. పేరు తప్పు పడ్డ పత్రిక ఎవరు పంచుతారు? నా ఖర్చుతో మళ్లీ వేయించాను.

ప్రెస్‌కు ప్లేట్లు (ఒక్కో రంగు అచ్చుకు ఒక్కో రేకు) చేసే అన్న భూతద్దం కింద ఆ కార్డు చూపించాడు. నల్ల అక్షరం చుట్టూ ఎరుపు, నీలం అంచులు. ఆర్‌జీబీలో (కంప్యూటర్ తెర రంగుల పద్ధతి) తెరిచిన నలుపును సీఎంవైకేకు (అచ్చులో వాడే నాలుగు ఇంకుల పద్ధతి) మార్చినప్పుడు అది నాలుగు రంగుల మిశ్రమం అయింది. ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరం అలుక్కుపోతుంది. "మా మెషిన్ అంగుళానికి 2400 చుక్కలు వేస్తది. గీతలు గీతలుగానే తెస్తే అంత సన్నగా గీస్తది. నువ్వే ముందు చుక్కలు చేసి తెస్తే మేమేం చేస్తం?" అన్నాడు. చివరికి అన్నీ చుక్కలే అవుతాయి, కానీ ఆ పని మెషిన్‌కే వదిలేయాలని నాకు అప్పుడు అర్థమైంది.

కాబట్టి పీడీఎఫ్‌ను ఫోటో దగ్గరికి తీసుకుపోకండి, ఫోటోనే కోరల్‌లోకి తెచ్చుకోండి. ఫోటోషాప్‌లో రంగులు సరిచేసి, పత్రికలో పడే సైజుకు 300లో సేవ్ చేసి, కోరల్‌లో అక్షరాల వెనక పెట్టండి. అక్షరాలకు నలుపు ఇంకు ఒక్కటే ఇవ్వండి.

మనవాళ్లు ఫోటోషాప్ వైపు ఎందుకు పోతారో కూడా నాకు తెలుసు. అను ఫాంట్స్ అనే తెలుగు ఫాంట్లలో కొట్టిన కోరల్ ఫైల్‌ను ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి, ఆ టెన్షన్‌తో పీడీఎఫ్‌ను ఫోటోషాప్‌లో తెరుస్తారు. దానికి మందు కంట్రోల్ క్యూ. టెక్స్ట్ సెలెక్ట్ చేసి అది నొక్కితే అక్షరాలు కర్వ్స్, అంటే ఉత్త గీతల బొమ్మలు అవుతాయి, ఇక ఫాంట్‌తో పని లేదు. తర్వాత అక్షరం దిద్దడం కుదరదు, అందుకే ముందు అసలు ఫైల్ ఒక కాపీ దాచుకోండి.

తప్పనిసరిగా ఫోటోషాపే వాడాలంటే 300 కాదు, 600లో తెరవండి. ఫ్లెక్సీకైతే ఇంత పట్టింపు అక్కర్లేదు, దూరం నుంచి చూస్తారు. పత్రిక చేతిలో పట్టుకుని చదివేది.

ఫైల్‌ను ప్రెస్‌కు వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. మీ దగ్గర కోరల్ ఫైల్ లేక పీడీఎఫ్ ఒక్కటే ఉంటే, కోరల్‌లో ఇంపోర్ట్ కొట్టినప్పుడు టెక్స్ట్‌ను కర్వ్స్‌గా తెచ్చుకోవాలా అని అడుగుతుంది, అది ఎంచుకోండి. ప్లేట్‌కు ఇచ్చే ముందు ఒక్క కాపీ లేజర్ ప్రింట్ తీసి, పేర్లు ఇంట్లో పెద్దవాళ్లతో చదివించండి.