టోపీని జపనీస్‌లో ఏమంటారు? వాక్యంలో ఎలా వాడాలి?

టోపీని "బోషి" అంటారు. "బో" దీర్ఘం తప్పకుండా పలకండి. పొట్టిగా "బొషి" అంటే తల్లీబిడ్డలనే అర్థం వస్తుంది; జపాన్‌లో గర్భిణులకు ఇచ్చే ఆరోగ్య పుస్తకాన్ని "బొషి తెచో" అనేది అందుకే.

అసలు జాగ్రత్త పడాల్సింది క్రియ దగ్గర. మనం టోపీ పెట్టుకుంటాం, చొక్కా వేసుకుంటాం, చీర కట్టుకుంటాం కదా, అక్కడా ఇలాంటి తేడాలే. తలకు పెట్టుకునేవాటికి "కబురు", చొక్కా, కోటు, కిమోనోలకు "కిరు", ప్యాంటు, బూట్లకు "హకు". మర్యాదగా అయితే "బోషి ఒ కబురిమసు". ఎదుటి మనిషి ఇప్పటికే టోపీ పెట్టుకుని ఉంటే "బోషి ఒ కబుత్తె ఇమసు" అనాలి. మొదట్లో చాలామంది తడబడేది ఇక్కడే, ఈ రూపాన్ని బాగా సాధన చేయండి.

తీసేయడానికి మాత్రం టెన్షన్ లేదు, మూడింటికీ "నుగు" చాలు.