అరసవల్లి కిరణాలు, మిగిలిపోయిన ఆ ఏడు రోజులు

ప్రశ్న: అరసవల్లిలో స్వామి పాదాల మీద ఎండ పడేది మార్చి 9, 10 తారీకుల్లో, మళ్ళీ అక్టోబరు 1, 2 తారీకుల్లో కదండీ. మావోడు తొమ్మిదో తరగతి, గోడ మీద క్యాలెండర్ దింపి లెక్కెట్టాడు. మార్చి 10 నుంచి అక్టోబరు 2కి 206 రోజులు, అక్కడ్నుంచి మళ్ళీ మార్చి 10కి 159 రోజులే. ఏటి నాన్నా ఇది, ఆర్నెల్లకోసారి కాదా అంటాడు. నాకు తెలీక మీకు రాస్తన్నాను. (ఒక తండ్రి, నరసన్నపేట)

జవాబు: ముందు మీవోడికి నా పేరు చెప్పి పలాస జీడిపప్పు ఓ పావుకిలో కొనిపెట్టండి. ఏటా టీవీలో చూసి దణ్ణం పెట్టుకోవడమే గానీ రోజులు లెక్కెట్టినోళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి.

206లోంచి 159 తీసేస్తే తేడా 47. ఇందులో 40 రోజులకి కారణం సింపుల్. సూర్యుడు సరిగ్గా తూర్పున పొడిచేది ఏడాదికి రెండే రోజులు, మార్చి 20-21, సెప్టెంబరు 22-23. అరసవల్లిలో ఎండ పాదాల మీద పడేది ఆ రోజుల్లో కాదు, మొదటిదానికి పది రోజుల ముందు, రెండోదానికి పది రోజుల తర్వాత, అంటే సూర్యుడు తూర్పుకి ఓ నాలుగు డిగ్రీలు దక్షిణంగా పొడిచే రోజుల్లో. దాంతో ఒకవైపు 20 రోజులు కలిసాయి, రెండోవైపు 20 తగ్గాయి. 40 అయిపోయింది. మరి మిగతా 7?

ఆ ఏడూ కెప్లర్‌వి, గ్రహాలు సూర్యుడి చుట్టూ ఎలా తిరుగుతాయో మూడు నియమాల్లో చెప్పిన ఖగోళ శాస్త్రజ్ఞుడాయన. గుడి సంగతి పక్కనపెట్టి మార్చి 21 నుంచి సెప్టెంబరు 23 దాకా ఎంచినా 186 రోజులొస్తాయి, అక్కడ్నుంచి మళ్ళీ మార్చికి 179. భూమి తిరిగేది రెండుసార్లూ అరచుట్టే, కానీ ఎండాకాలం వైపు అరచుట్టు తీరిగ్గా తిరుగుద్ది, చలికాలం వైపు గబగబా లాగించేస్తది. ఎందుకంటే జనవరి మొదటి వారంలో మనం సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం, జూలై మొదటి వారానికి అది 15.21 కోట్లు అవుద్ది. దగ్గరున్నప్పుడు సెకనుకి 30.3 కిలోమీటర్లు, దూరంగా ఉన్నప్పుడు 29.3.

పుస్తకంలో కెప్లర్ రెండో నియమం అని "సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు" అని రాస్తారు, పిల్లలు బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకుని మర్చిపోతారు. దాన్ని చీపురనుకోండి. ఒక కొస సూర్యుడి దగ్గర, రెండో కొస భూమి చేతిలో. నెలకి ఇంత నేల తుడవాలని రూలు. చీపురు పొడుగ్గా ఉంటే కొంచెం తిప్పినా బోలెడు నేల తుడిచేస్తది, పొట్టిదైపోతే అంత నేలా తుడవాలంటే ఎక్కువ తిప్పాలి కదా. జనవరిలో మన చీపురు పొట్టిది, అందుకే పరుగు.

ఇంకో మాట, ఇది మన పంచాంగాల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. హరిదాసులు తిరిగే ధనుర్మాసం చూడండి, ధనుస్సులో సూర్యుడు ఉండేది 29న్నర రోజుల లోపే, అదే మిథునంలో 31న్నర రోజుల దాకా ఉండిపోతాడు. రాశులన్నీ 30 డిగ్రీలే, నెలలు మాత్రం సమానం కాదు. కెప్లర్ చెప్పింది ఆ తేడా వెనకున్న లెక్క.

ప్రశ్న: సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరిలో అంటారు, మరి మేం భోగికి మంట చుట్టూ చేరి వణికేది కూడా అప్పుడే కదా? పైగా పుస్తకంలో భూమి దారిని కోడిగుడ్డులా వేశారు, అంత సాగి ఉంటాదా? (డిగ్రీ విద్యార్థిని, చీపురుపల్లి)

జవాబు: చలికి కారణం దూరం కాదమ్మా, భూమి 23.4 డిగ్రీలు వాలి తిరగడం. జనవరిలో మన అర్ధగోళం సూర్యుడికి అవతలికి వాలుంటది, ఎండ ఏటవాలుగా పడుద్ది, పగలు తక్కువ. దగ్గరవడం వల్ల జూలై కంటే భూమికి ఓ 7 శాతం ఎక్కువ ఎండ అందుతున్నా మన చలి ముందు అది ఆనదు.

ఇక ఆ కోడిగుడ్డు బొమ్మ. ఆ బొమ్మ మీద నాకు పాత కోపం ఉంది, నేనూ డిగ్రీ దాకా దాన్నే నమ్మాను. ఒక పని చెయ్యమ్మా. పెరట్లో సాపుగా ఉన్న మట్టినేల మీద రెండు మేకులు, మధ్యలో 17 మిల్లీమీటర్ల ఎడంతో దించు. ముడేసిన దారం ఒకటి, చుట్టుకొలత మీటరూ 17 మిల్లీమీటర్లు ఉండేలా, ఆ మేకులకి తగిలించి పుల్లతో బిగలాగి చుట్టూ గీయి. మీటరు వెడల్పు భూకక్ష్య వచ్చేసినట్టే. నిలువుకీ అడ్డానికీ తేడా మిల్లీమీటరులో ఏడో వంతు, పుల్ల గీత మందంలో కలిసిపోద్ది. నేను గీసినప్పుడు మా ఆవిడ వచ్చి చూసి "దీనికి రెండు మేకులెందుకు, ఒకటి చాలదా" అంది, అంత గుండ్రంగా వస్తది. అయితే సూర్యుడు ఉండేది ఒక మేకు దగ్గర, నడిమధ్యలో కాదు. ఆ మేకు నుంచి టేపు పెట్టి కొలువు, ఒకవైపు 49.2 సెంటీమీటర్లు, ఎదురువైపు 50.8. ఆకారంలో కనపడని తేడా దూరంలో దొరికేస్తది.

అదే అంగారకుడికైతే మేకులు 9 సెంటీమీటర్ల పైనే ఎడంగా పెట్టాలి, అప్పుడు నిలువుకీ అడ్డానికీ 4 మిల్లీమీటర్ల తేడా వస్తది. కెప్లర్ ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది ఈ అంగారకుడితోనే. టైకో బ్రాహీ అనే ఖగోళ పరిశీలకుడు టెలిస్కోప్ లేని రోజుల్లో ఉత్త కంటితో రాసిపెట్టిన కొలతలు కెప్లర్ చేతిలో ఉన్నాయి, తన పాత లెక్కకీ వాటికీ 8 నిమిషాల తేడా వచ్చింది. గడియారం నిమిషాలు కాదు, డిగ్రీలో అరవయ్యో వంతుని కూడా నిమిషం అంటారు, నిండు చంద్రుడి వెడల్పులో పావు వంతు అనుకో. వేరేవాళ్ళైతే సర్లే అని వదిలేద్దురు, ఈయన వదల్లేదు. మధ్యలో ఆయన కూడా కోడిగుడ్డు ఆకారం వేసి చూసుకున్నాడు తెలుసా, చివరికి దీర్ఘవృత్తం దగ్గర కుదిరింది, మొదటి రెండు నియమాలూ 1609లో అచ్చయ్యాయి.

ప్రశ్న: మాస్టారూ, ఏలినాటి శని ఏడున్నరేళ్ళే ఎందుకు? పుష్కరాలు పన్నెండేళ్ళకే ఎందుకు? దీనికీ కెప్లర్‌కీ ఏమైనా సంబంధం ఉందా? (రిటైర్డ్ ఉద్యోగి, ఆమదాలవలస)

జవాబు: ఫలితాల సంగతి నన్నడక్కండి, అది నా డిపార్టుమెంటు కాదు (కెప్లర్ మాత్రం జాతకాలు రాసి కూడా డబ్బులు సంపాదించుకున్నాడు). లెక్కయితే చెప్తాను. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు 29న్నరేళ్ళు, పన్నెండు రాశులకి పంచితే రాశికి రెండున్నరకి కాస్త తక్కువ. జన్మరాశి, దాని ముందుది, వెనకది, మూడు రాశులు కలిపితే దాదాపు ఏడున్నర. గురుడికి 11.86 ఏళ్ళు, రాశికి ఏడాది, అందుకే గోదావరికి 2015 తర్వాత 2027. ఆ 0.14 ఏడాది పోగై పోగై ఓ ఎనభై చిల్లర ఏళ్ళకి ఒక ఏడాది ఎగిరిపోద్ది. హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2021లోనే వచ్చింది ఇందుకే.

శనికి అన్నేళ్ళు ఎందుకంటే దారి పొడుగు కాబట్టి అంటారు అందరూ. అది సగమే. శని దూరం మనకంటే 9.54 రెట్లు, అంటే దారి కూడా అంతే రెట్లు, మనలాగే పరిగెడితే తొమ్మిదిన్నరేళ్ళలో వచ్చెయ్యాలి. కానీ దూరం పోయేకొద్దీ సూర్యుడి పట్టు సడలి గ్రహం నెమ్మదిస్తది, శని సెకనుకి పది కిలోమీటర్లు కూడా నడవడు, మన వేగంలో మూడో వంతు. మందుడు అని మనోళ్ళు ఊరికే పేరు పెట్టలేదు. 1619లో అచ్చయిన మూడో నియమం ఇదే, దూరాన్ని (మన దూరం ఒకటి అనుకుని) మూడుసార్లు వేసి ఒకదాంతో ఒకటి హెచ్చవేస్తే వచ్చేదీ, ఏళ్ళని అలాగే రెండుసార్లు వేసి హెచ్చవేస్తే వచ్చేదీ ఒకటే. 9.54ని మూడుసార్లు వేస్తే 868, 29.46ని రెండుసార్లు వేసినా 868. అలా ఎందుకన్నది 1687లో న్యూటన్ చెప్పేదాకా ఎవరికీ తెలీలేదు.

నరసన్నపేట బాబుకి ఒక లెక్క వదుల్తున్నాను. శుక్రుడి దూరం మనదాంట్లో 0.723 వంతు. మూడుసార్లు హెచ్చవేసి, వర్గమూలం తీసి, 365తో గుణించు నాన్నా. 225 రోజుల దగ్గర్లో రాలేదంటే క్యాలిక్యులేటర్‌లో ఏదో తప్పు నొక్కావు.