దల్లా బొమ్మలో గీతలు పాకుతున్నాయన్న ప్రశ్నకు సమాధానం

మస్కట్ నుండి తెచ్చుకున్న దల్లాను, అంటే అరబ్బుల ఇత్తడి కాఫీ పాత్రను, గీసి నీటిరంగు వేయగానే గీతలు నల్లగా పాకుతున్నాయని రాశారు. దానికి కారణం బహుశా మీ ఫౌంటెన్ పెన్ను సిరాయే. అటువంటి సిరాల్లో చాలావరకు నీటిలో కరిగే రంగుతో తయారవుతాయి గనుక, ఎన్ని రోజులు ఆరినా తడి కుంచె తగలగానే మళ్లీ కరుగుతాయి.

1. నీటికి చెదరని పిగ్మెంట్ సిరా ఉన్న డ్రాయింగ్ పెన్ను తీసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: బొమ్మ వేయబోయే కాగితం నుండే ఒక ముక్క కత్తిరించి, దానిపై మూడు గీతలు గీసి, పది నిమిషాలకు ఒకదానిపై, గంటకు మరొకదానిపై, మర్నాడు మూడవదానిపై తడి కుంచె నడిపి చూడండి. మీ రాజోలు వైపు వానాకాలంలో, అందులోనూ కాలువ గట్టు ఇళ్లలో, కాగితం గాలిలోని చెమ్మను పీల్చుకొని ఉంటుంది కాబట్టి సిరా ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది. శ్రావణ మాసంలో నేనైతే రాత్రంతా ఆరనివ్వనిదే కుంచె పట్టను.

3. ఇత్తడి మెరిసే చోట్లను రంగు వేయకుండా తెల్లగా వదిలేయండి.

4. పాడైన బొమ్మను దయచేసి పారేయకండి. ఆ పాత్ర కొక్కెం వంటి మూతి వంపును మీరు మొదటిసారి పట్టుకున్నది అందులోనే. దానిపై ట్రేసింగ్ కాగితం పరచి పెన్సిలుతో గీతలు ఎత్తి, ఆ కాగితం వెనుక మెత్తని పెన్సిలు పూసి, కొత్త కాగితం మీద పెట్టి మళ్లీ అవే గీతలు దిద్దితే బొమ్మ దిగుతుంది.